స్పెయిన్ కొండల్లో క్వెల్గామూరోస్ లోయ: యుద్ధ స్మారకాన్ని చూసిరావడానికి సమగ్ర మార్గదర్శి

మాడ్రిడ్‌కి వాయవ్యంగా యాభై కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే గ్వదర్రామా కొండల మధ్య ఒక రాతి శిలువ కనిపిస్తుంది. దాని ఎత్తు 150 మీటర్లు. తెరిపి ఉన్న రోజున ముప్ఫై కిలోమీటర్ల దూరం నుంచి కూడా కంటికి ఆనుతుంది. ఆ శిలువ కింద కొండను తొలిచి కట్టిన బసిలికా, అంటే పోప్ ప్రత్యేక హోదా ఇచ్చిన పెద్ద చర్చి, ఉంది. బసిలికా గోడల వెనక, స్పెయిన్ అంతర్యుద్ధంలో చనిపోయిన 33 వేలకు పైగా మనుషుల అవశేషాలు ఉన్నాయి. వాళ్ళలో దాదాపు 12 వేల మంది ఎవరో పేర్లు తెలియవు.

ముందస్తు తయారీ లేకుండా వెళ్ళినవాళ్ళు శిలువను చూసి, ఫొటో తీసుకుని వచ్చేస్తారు. గోడల వెనక ఉన్నవాళ్ళ సంగతి తెలియకుండానే తిరిగొస్తారు. ఇక్కడ అసలు తెలుసుకోవాల్సింది వాళ్ళ గురించే. అందుకే ఈ మార్గదర్శిలో బస్సు వేళలకు ఎంత చోటిచ్చామో, లోపల ఏ గోడ దగ్గర ఎందుకు ఆగాలన్నదానికీ అంతే చోటిచ్చాం.

పేరు దగ్గరే మొదలుపెట్టండి

ఈ చోటికి రెండు పేర్లున్నాయి. పాత పేరు ‘వాయే దె లోస్ కాయీదోస్’, అంటే నేలకొరిగినవారి లోయ. 2022 అక్టోబరులో అమల్లోకి వచ్చిన ‘ప్రజాస్వామిక స్మృతి చట్టం’ దీనికి ‘వాయే దె క్వెల్గామూరోస్’ అని పేరు మార్చింది. క్వెల్గామూరోస్ అన్నది కట్టడం రాకముందు నుంచీ ఆ లోయకు ఉన్న పేరే. స్పానిష్‌లో రెండు ‘ఎల్’లు కలిస్తే ‘య’ అని పలుకుతారు కాబట్టి ‘వాలే’ అంటే అక్కడివాళ్ళకు వెంటనే అందదు, ‘వాయే’ అనండి.

టికెట్లు, అధికారిక సమాచారం కొత్త పేరు మీద దొరుకుతాయి. పాత గైడు పుస్తకాల్లోనూ, చాలామంది స్థానికుల నోటా పాత పేరే ఉంటుంది. వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. మాట్లాడేటప్పుడు మాత్రం కొత్త పేరు వాడటం మేలు. ఏ పేరు వాడారన్నదాన్ని బట్టి ఎదుటివాళ్ళు మీ పక్షం ఏదో లెక్కేసుకునే దేశం అది.

బయల్దేరే ముందు ఒక గంట చదువు

1936 జులైలో సైన్యంలో ఒక వర్గం ఎన్నికైన రిపబ్లిక్ ప్రభుత్వం మీద తిరగబడింది. తిరుగుబాటు అంతర్యుద్ధంగా మారి 1939 ఏప్రిల్ 1న ముగిసింది. గెలిచిన పక్షానికి నాయకుడైన జనరల్ ఫ్రాంకో 1975 నవంబరులో చనిపోయేదాకా దేశాన్ని ఏలాడు. యుద్ధం సాగుతుండగా రెండు వైపులా నిరాయుధుల్ని చంపారు. యుద్ధం ముగిశాక కూడా ఫ్రాంకో ప్రభుత్వం ఓడినవాళ్ళను వేల సంఖ్యలో కాల్చి చంపింది. ఈ చివరి వాక్యం మనసులో పెట్టుకుంటే లోపల చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి.

యుద్ధం ముగిసి సరిగ్గా ఏడాది తిరిగిన రోజున, 1940 ఏప్రిల్ 1న, ఈ కట్టడానికి ఆజ్ఞ వెలువడింది. యుద్ధాన్ని పవిత్ర మతయుద్ధంగా చెప్పుకుని, అందులో నేలకొరిగినవాళ్ళ జ్ఞాపకార్థం కడుతున్నామని ఆ ఆజ్ఞలో రాశారు. అంటే మొదటి ఉద్దేశం గెలిచినవాళ్ళ స్మారకమే. ‘ఇరుపక్షాల స్మారకం’ అన్న మాట తర్వాత వచ్చి చేరింది. మొదటి వాస్తుశిల్పి పేద్రో ముగురూసా. 1950 నుంచి ఆ పని దియేగో మెందెస్ చేతికి వచ్చింది. పెద్ద శిల్పాలు హువాన్ దె ఆవలోస్ చెక్కినవి. ప్రారంభోత్సవం 1959 ఏప్రిల్ 1న జరిగింది. తేదీలు ఎలా ఎంచుకున్నారో గమనించండి.

కట్టినవాళ్ళలో కూలికి వచ్చినవాళ్ళు ఉన్నారు, రాజకీయ ఖైదీలూ ఉన్నారు. పనిచేసిన రోజుల లెక్కన శిక్ష తగ్గించే పద్ధతి ఒకటి అప్పట్లో నడిచింది. 1943 నుంచి 1950 దాకా ఖైదీలను ఇక్కడికి ఆ పద్ధతిలోనే తెచ్చారు. కొన్ని కుటుంబాలు పని చోటి పక్కనే గుడిసెలు వేసుకుని బతికాయి. సొరంగం తొలిచినవాళ్ళకు రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ పట్టుకుంది, దానితోనే ఎందరో పోయారు. 1948లో ఇక్కడి ఖైదీ శిబిరం నుంచి తప్పించుకున్న ఇద్దరు విద్యార్థుల్లో నికోలాస్ సాంచెస్ అల్బోర్నోస్ ఒకరు. ఆయన తర్వాత చరిత్రకారుడై, స్పానిష్ భాషా సంస్థ సెర్వాంతెస్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యాడు.

ఇక గోడల వెనక ఉన్నవాళ్ళు. కట్టడం పూర్తికావస్తుండగా, 1958లో, అవశేషాలు పంపమని అన్ని రాష్ట్రాల అధికారులకూ ఉత్తర్వులు వెళ్ళాయి. శ్మశానాల నుంచీ, రోడ్ల పక్క సామూహిక గోతుల నుంచీ ఎముకలు తవ్వి, పెట్టెల్లో పెట్టి తెచ్చారు. గెలిచినవాళ్ళ కుటుంబాలను చాలాచోట్ల అడిగారు. గోతుల్లో పడివున్న రిపబ్లిక్ పక్షం వాళ్ళ కుటుంబాలకు చెప్పనే లేదు. తమ తండ్రిని కాల్చి చంపినవాళ్ళ స్మారకంలోనే తండ్రి ఎముకలున్నాయని పిల్లలకు దశాబ్దాల తర్వాత తెలిసిన ఇళ్ళున్నాయి. ఈ తరలింపులు 1983 దాకా సాగాయి.

ఏ రోజు, ఏ కాలం

సోమవారం మూసి ఉంటుంది. తొందర్లో ప్లాన్ వేసుకునేవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే, ఎందుకంటే పక్క ఊళ్ళోని ఎస్కోరియల్ మఠం కూడా సోమవారమే సెలవు. అటూ ఇటూ రెండూ పోతాయి. డిసెంబరు 24, 25, 31, జనవరి 1, 6, మే 1 తేదీల్లో కూడా వెళ్ళకండి. మిగతా రోజుల్లో ఉదయం 10కి తెరుస్తారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సాయంత్రం 7 వరకూ, అక్టోబరు నుంచి మార్చి దాకా 6 వరకూ ఉంచడం మామూలు. చివరి ప్రవేశం అంతకంటే ముందే ఆపేస్తారు.

నవంబరు 20 అటూఇటూ వారం తప్పించుకోండి. ఫ్రాంకో చనిపోయిన తేదీ అది. అతని అభిమానులూ, వాళ్ళను ఆపడానికి పోలీసులూ, వార్తల కెమెరాలూ కలిసి ఆ చోటును చూడనివ్వరు.

ఏప్రిల్ చివర, మే, సెప్టెంబరు చివర, అక్టోబరు బాగుంటాయి. ఆవరణ సముద్ర మట్టానికి 1,200 మీటర్లకు పైనే ఉంటుంది. మాడ్రిడ్‌లో చొక్కాతో తిరిగే రోజున ఇక్కడ గాలికి స్వెటరు కావాలి. డిసెంబరు నుంచి మార్చి దాకా మంచు పడుతుంది, గాలి ఎక్కువైతే ఉన్నట్టుండి మూసేస్తారు కూడా. జులై, ఆగస్టుల్లో బయట ఎండ మాడుస్తుంది గానీ కొండ లోపల చలే. ఏ నెలలో వెళ్ళినా ఒక పల్చటి స్వెటరు సంచిలో ఉండాలి.

వీసా, టికెట్

హైదరాబాద్ నుంచి వెళ్ళేవాళ్ళకు షెంజెన్ వీసా కావాలి. పెద్దలకు రుసుం 90 యూరోలు, దాని మీద సేవా కేంద్రం చార్జీ అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకూ దరఖాస్తు పెట్టొచ్చు. 15 రోజులన్నది కాగితం మీది గడువు, ఎండాకాలం సెలవులకైతే రెండున్నర నెలల ముందే అపాయింట్‌మెంట్ పట్టుకోవాలి. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. జర్మనీలోనో, నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేస్తూ నివాస అనుమతి ఉన్నవాళ్ళకు విడిగా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టూ, ఆ కార్డూ దగ్గర పెట్టుకుంటే చాలు.

స్మారకాన్ని నిర్వహించేది ‘పాత్రిమోనియో నసియోనాల్’ అనే ప్రభుత్వ సంస్థ, అక్కడి రాజభవనాలు కూడా దాని కిందే ఉంటాయి. మామూలు టికెట్ కొన్నేళ్ళుగా 9 యూరోల దగ్గర ఉంది, విద్యార్థులకూ, వృద్ధులకూ తగ్గింపు ఇస్తారు. వెళ్ళే వారంలో సంస్థ వెబ్‌సైట్లో ధర, వేళలు మళ్ళీ సరిచూసుకోండి. వారంలో కొన్ని వేళల్లో ఉచిత ప్రవేశం అని కనబడుతుంది, అది యూరోపియన్ యూనియన్, లాటిన్ అమెరికా దేశాల వారికి. భారత పాస్‌పోర్టు ఒక్కటే చూపిస్తే వర్తించదు. యూరప్‌లో నివాస కార్డు ఉంటే మాత్రం అది చూపించి అడగండి.

రోజూ ఉదయం 11కి బెనెడిక్టీన్ అనే క్యాథలిక్ సంఘానికి చెందిన సన్యాసుల పాటల ప్రార్థన ఉంటుంది. ప్రార్థన జరిగేంతసేపూ బసిలికాలో పర్యాటకుల తిరుగుడు ఆపేస్తారు. ఈ సంగతి తెలియక 10:50కి లోపలికి అడుగుపెట్టి, గంటకు పైగా బయట నిలబడేవాళ్ళు ప్రతి రోజూ ఉంటారు. ప్రార్థనలో కూర్చోవాలనుకుంటే పావుగంట ముందు వెళ్ళి మొదటినుంచీ చివరిదాకా ఉండండి. అక్కర్లేదనుకుంటే 10కి వెళ్ళి 10:45కల్లా బయటికి రండి, లేదా 12:30 తర్వాత వెళ్ళండి.

చేరుకోవడం

మాడ్రిడ్ నుంచి స్మారకానికి నేరుగా బస్సు లేదు. ముందు సాన్ లోరెన్సో దె ఎల్ ఎస్కోరియల్ అనే ఊరు చేరాలి. మాడ్రిడ్‌లోని మోంక్లోవా బస్ స్టేషన్ నుంచి 661, 664 నంబర్ల బస్సులు దాదాపు గంటలో ఆ ఊళ్ళో దింపుతాయి. మోంక్లోవాకు మెట్రో 3, 6 లైన్లు వస్తాయి. స్టేషన్ భూమి కింద ఉంటుంది, బస్సు ఏ ప్లాట్‌ఫారం నుంచో పై బోర్డుల్లో చూసుకుని దిగాలి. మాడ్రిడ్ పర్యాటకుల రవాణా కార్డు ‘టి’ జోనుది కొన్నవాళ్ళకు ఈ బస్సులకు వేరే టికెట్ అక్కర్లేదు, ‘ఏ’ జోను కార్డు మాత్రం చెల్లదు.

రైలు కూడా ఉంది. అతోచా, చమార్తిన్ స్టేషన్ల నుంచి సెర్కనియాస్ లోకల్ రైళ్ళు ఎల్ ఎస్కోరియల్ వెళ్తాయి. కానీ స్టేషన్ కొండ కింది ఊళ్ళో ఉంది, పై ఊరికి అరగంట ఎక్కుడు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే బస్సే ఎంచుకోండి.

సాన్ లోరెన్సో బస్ స్టేషన్ నుంచి స్మారకానికి రోజుకు ఒక్కటే బస్సు, నంబరు 660. చాలాకాలంగా అది మధ్యాహ్నం 3:15కి బయల్దేరి, తిరుగు ప్రయాణం 5:30కి మొదలుపెడుతోంది. రానూపోనూ చార్జీ, ప్రవేశ టికెట్ కలిపి ఒకే టికెట్‌గా స్టేషన్లో అమ్ముతారు. ఊళ్ళోకి దిగగానే, మఠం వైపు నడవక ముందే, కౌంటర్లో ఆ రోజు బస్సు ఉందో లేదో అడిగి టికెట్ కొనేయండి. స్పానిష్ రాకపోయినా ఫర్వాలేదు: ‘ఎల్ సెయిస్‌సియెంతోస్ సెసెంతా, ఆల్ వాయే’ అంటే అర్థమవుతుంది. బస్సు తప్పితే టాక్సీ, రోడ్డు మీద దూరం సుమారు 13 కిలోమీటర్లు. తిరిగి రావడానికి టాక్సీ లోపల దొరకదు. వెళ్ళేటప్పుడే అదే డ్రైవరుతో ఎన్ని గంటలకు రావాలో, మొత్తం ఎంతో మాట్లాడేసుకోవాలి.

కారుంటే ఏ-6 హైవే మీద 47వ ఎగ్జిట్ దగ్గర దిగి ఎం-600 రోడ్డు మీద ఎస్కోరియల్ వైపు వెళ్తే గేటు వస్తుంది. భారతీయ లైసెన్సుతో అద్దె కారు నడపాలంటే మన ఆర్‌టీఓ ఇచ్చే అంతర్జాతీయ అనుమతి పత్రం వెంట ఉండాలి. నలుగురైదుగురు కలిసి వెళ్తే కారే తీరిక, బస్సులో వచ్చేవాళ్ళకు దొరికే సమయం రెండు గంటలే.

గేటు దగ్గర దిగి నడిచిపోదామనుకోకండి. గేటు నుంచి ఆవరణకు ఆరు కిలోమీటర్ల చిల్లర ఎక్కుడు రోడ్డు. మొత్తం ఎస్టేట్ 1,300 హెక్టార్లకు పైగా ఉన్న పైన్ చెట్ల అడవి. దారిలో రోడ్డుకు ఇరువైపులా నాలుగు గుండ్రటి రాతి స్తంభాలు కనిపిస్తాయి, ఒక్కొక్కటీ 11 మీటర్లకు పైన, ఒకే రాయి. వాటిని ‘హువనెలోస్’ అంటారు. తొలేదో నగరానికి నది నీళ్ళు ఎక్కించే యంత్రాన్ని 16వ శతాబ్దంలో కట్టిన హువనెలో తూరియానో పేరు మీద పిలుస్తారు. స్మారకానికి నాలుగు వందల ఏళ్ళ ముందువి, ఇక్కడ తెచ్చి నిలబెట్టారు.

ఆవరణ

దిగగానే ముందున్నది 30 వేల చదరపు మీటర్లకు మించిన రాతి పరపు. ఏ నీడా ఉండదు. నీళ్ళ సీసా, టోపీ ఇక్కడే అవసరం పడతాయి. తిండి లోపల దొరుకుతుందన్న నమ్మకంతో వెళ్ళకండి, ఏదైనా కట్టుకెళ్ళండి లేదా ఊళ్ళోనే తినండి.

వెంటనే తలుపు వైపు నడవకండి. పరపు మధ్యదాకా వెళ్ళి కొండ వైపు తిరిగి నిలబడండి. రెండు వైపులా వంపు తిరిగిన కమానుల వరస మనిషిని లోపలికి ఊడ్చినట్టు ఉంటుంది. తలుపు మీద నల్లరాతి పియెతా ఉంది: చనిపోయిన క్రీస్తును ఒళ్ళో పెట్టుకున్న తల్లి. దాని పైన బండ, బండ మీద శిలువ పాదం దగ్గర నలుగురు సువార్తికులు, ఒక్కొక్కరూ 18 మీటర్లు. ఈ కొలతలన్నీ మనిషి చిన్నబోవాలని ఎంచుకున్నవి. తలుపు దగ్గర ఎవరైనా నిలబడి ఉంటే వాళ్ళను కొలబద్దగా పెట్టుకుని చూడండి, అప్పుడే ఎత్తు తెలుస్తుంది.

పియెతా, సువార్తికుల బొమ్మలు కలాతొరావో అనే ఊరి నల్ల సున్నపురాయివి. చుట్టూ ఉన్న కొండ గ్రానైటు. మన దక్కన్ గుట్టల్లాంటి రాయే. ఆ నల్లరాయి ఈ వాతావరణానికి తట్టుకోదు. సన్నటి పగుళ్ళలోకి నీరు దిగి, రాత్రి గడ్డకట్టి ఉబ్బి, రాయిని పెచ్చులుగా ఊడదీస్తుంది. ముక్కలు రాలుతున్నందువల్లే శిలువ పాదం దాకా మనుషుల్ని వెళ్ళనివ్వడం లేదు. పైకి తీసుకెళ్ళే తాళ్ళ రైలు 2009 నుంచి నడవడం లేదు. పాత పుస్తకాల్లో ‘ఫునికులార్ ఎక్కండి’ అని చూసి ప్లాన్ వేసుకోవద్దు.

లోపల, అడుగులు లెక్కపెట్టుకుంటూ

తలుపు దాటగానే భద్రతా తనిఖీ. పెద్ద సంచులు, స్టాండులు వద్దు. లోపల ఫొటోలు నిషేధం. ఫోన్ జేబులో పెట్టేయండి. ఒక్క వస్తువు మాత్రం వెంట ఉంచుకోండి: చిన్న బైనాక్యులర్. ఎందుకో గోపురం దగ్గర తెలుస్తుంది.

కొండను తొలిచి గుడి చేయడం మనకు కొత్తేమీ కాదు, ఉండవల్లిలో చూసినదే. ఇక్కడ తేడా పొడవులో ఉంది: తలుపు నుంచి చివరిదాకా 262 మీటర్లు. ముగురూసా తొలిచిన సొరంగం ఇరుకుగా ఉందని మెందెస్ దాన్ని దాదాపు రెట్టింపు చేశాడు. ఆ పెంపులోనే అతి ఎక్కువ రాయి, అతి ఎక్కువ దుమ్ము బయటికి వచ్చాయి. ఇందాక చదివిన సిలికోసిస్ సంగతి ఇక్కడ నడుస్తూ గుర్తు తెచ్చుకోండి.

కొంత దూరం పోయాక ఒక పెద్ద ఇనుప జాలీ అడ్డం వస్తుంది. దాని దగ్గర ఆగండి. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ కంటే ఈ గుడి పొడవు ఎక్కువ కాకూడదని, ముందు భాగాన్ని ప్రతిష్ఠ చేయకుండా వదిలేశారు. అసలు గుడి జాలీ అవతలే మొదలవుతుంది. 1960లో పోప్ 23వ జాన్ దీనికి బసిలికా హోదా ఇచ్చాడు. జాలీ మీద సాధువులతో పాటు సైనికుల బొమ్మలు కూడా ఉన్నాయి. మతమూ సైన్యమూ ఇక్కడ ఎలా జతకూడాయో ఈ ఒక్క జాలీలో చూడొచ్చు.

తర్వాత రెండు పక్కలా మూడేసి చిన్న గుళ్ళు, కన్యమరియ పేర్ల మీద. కొన్ని పేర్లు భూ, నౌకా, వైమానిక దళాల రక్షక దేవతలవి. వాటి మధ్య గోడలకు ఎనిమిది పెద్ద నేత తెరలు. బైబిల్ చివరి పుస్తకంలోని లోకాంత దృశ్యాలు అవి, 16వ శతాబ్దపు ఫ్లాండర్స్ తెరలకు నకళ్ళు. వెలుతురు తక్కువ, కళ్ళు అలవాటు పడేదాకా ఒక తెర ముందు రెండు నిమిషాలు ఊరికే నిలబడితే ఏడు తలల మృగం బయటపడుతుంది.

నడవ చివర గోపురం. ఎత్తు దాదాపు 42 మీటర్లు. సంతియాగో పద్రోస్ చేసిన మొజాయిక్, సుమారు 50 లక్షల ముక్కలతో పొదిగినది. మధ్యలో క్రీస్తు, చుట్టూ సాధువులు, అమరులు. బైనాక్యులర్ పెట్టి అంచుల దగ్గర వెతకండి: జెండాలు పట్టుకున్న గుంపు ఒకటి కనిపిస్తుంది. ఆ జెండాలు యుద్ధంలో గెలిచిన పక్షానివి, ఓడిన పక్షం జెండా ఒక్కటీ లేదు. ‘ఇరుపక్షాలకూ కట్టాం’ అన్న మాటకు జవాబు తల పైనే ఉంది.

ఇప్పుడు నేల చూడండి. బలిపీఠానికి ముందు, అంటే జనం వైపు, ఫలాంజె అనే స్పెయిన్ ఫాసిస్టు పార్టీ స్థాపకుడు హొసె ఆంతోనియో ప్రిమో దె రివేరా సమాధి ఉండేది. బలిపీఠం వెనక ఫ్రాంకో సమాధి ఉండేది, దాని మీది రాతిపలక బరువు 1,500 కిలోలు. ఫ్రాంకోను 2019 అక్టోబరు 24న బయటికి తీసి, మాడ్రిడ్ శివారులోని ఎల్ పార్దో శ్మశానానికి మార్చారు. హొసె ఆంతోనియోను 2023 ఏప్రిల్ 24న మాడ్రిడ్‌లోని మరో శ్మశానానికి మార్చారు. ఆ రెండు చోట్లా ఇప్పుడు మామూలు నేలే. ఇక్కడే చాలామంది నేల వెతికి, ఏమీ కనబడక, వెనక్కి తిరుగుతారు. మీరు తిరగకండి, రెండు పక్కలకు చూడండి.

గోడల వెనక ఉన్నవాళ్ళు

బలిపీఠానికి ఎడమా కుడీ రెండు పక్క గుళ్ళున్నాయి. ద్వారాల మీద ‘కాయీదోస్ పోర్ దియోస్ ఇ పోర్ ఎస్పాన్యా’ అని ఉంటుంది, దేవుడి కోసం, స్పెయిన్ కోసం నేలకొరిగినవారు అని అర్థం. పక్కన 1936–1939 అని ఏళ్ళు. ఈ గుళ్ళ గోడల వెనకా, నడవలోని చిన్న గుళ్ళ వెనకా అంతస్తులు అంతస్తులుగా పెట్టెలు పేర్చి గోడ కట్టేశారు. చనిపోయిన వేలమంది పేర్లు రాసిన పలక ఒక్కటీ ఉండదు. ఆ రాతలో చెప్పిన రెండు కారణాల కోసం ప్రాణం ఇవ్వనివాళ్ళు, ఆ కారణాలు చెప్పినవాళ్ళ చేతుల్లో చచ్చినవాళ్ళు, ఇదే రాత కింద ఉన్నారు. అక్కడ కాసేపు నిలబడటం కంటే మీరు చేయగలిగింది లేదు. ఆ కాసేపూ నిలబడండి.

అవశేషాలను వెనక్కి తీయడం ఎందుకంత కష్టమన్నదానికి కారణం కొండలోని నీళ్ళే. కొండ పగుళ్ళ గుండా తేమ దిగి చెక్క పెట్టెలు కుళ్ళిపోయాయి. పై వరసలు కింద వరసల మీద కూలి, ఎముకలు కలిసిపోయాయి. ఒకే గోతిలో నుంచి తెచ్చిన పదిమందిని ఒకే పెట్టెలో పెట్టినవీ ఉన్నాయి. 1936లో కాల్చి చంపిన ఇద్దరు అన్నదమ్ముల అవశేషాలు వాళ్ళ కుటుంబానికి ఇవ్వాలని 2016లో స్థానిక కోర్టు తీర్పిచ్చింది. లోపల గోడలు తెరిచి ఫోరెన్సిక్ నిపుణులు పని మొదలుపెట్టడానికి 2023 జూన్ దాకా పట్టింది. ఎముకల నుంచి డీఎన్ఏ తీసి, బతికున్న బంధువుల డీఎన్ఏతో పోల్చి, ఒక్కొక్కరినీ గుర్తిస్తున్నారు. బంధువులు ముసలివాళ్ళయిపోతున్నారు కాబట్టి పనికి తొందర కూడా ఉంది. ఈ పని జరిగే చోట్లకు పర్యాటకులకు ప్రవేశం లేదు. ఏదైనా గుడి ముందు తెర కట్టి ఉంటే తొంగిచూడకండి.

మాట, మర్యాద

మీ పక్కన నిలబడినవాళ్ళు ఎవరి మనవలో మీకు తెలియదు. తాతను ఇక్కడ వెతుక్కునేవాళ్ళూ, ఫ్రాంకోకు దండం పెట్టుకోవడానికి వచ్చేవాళ్ళూ ఒకే బస్సులో వస్తారు. చేయి చాచే ఫాసిస్టు వందనం, పాత జెండాలు, నినాదాలు చట్టప్రకారం శిక్షార్హం, సరదాకు కూడా వద్దు. బయట ఫొటోలు తీసుకోండి గానీ మెట్ల మీద గెంతే రీళ్ళు ఇక్కడ వద్దు, ఇది వేలమంది శ్మశానం. ‘మీది ఏ పక్షం’ అని ఎవరినీ అడగకండి. వాళ్ళంతట వాళ్ళే చెబితే వినండి.

చిన్నపిల్లలకు బసిలికా లోపలి చీకటి, కత్తి పట్టిన దేవదూతల విగ్రహాలు భయం పుట్టిస్తాయి. పదేళ్ళు దాటినవాళ్ళకైతే ముందు కూర్చోబెట్టి కథ చెప్పి తీసుకెళ్ళండి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళ కోసం ముందుగానే సంస్థకు మెయిల్ రాసి దారి అడగాలి, ఆవరణలో మెట్లున్నాయి.

రాబోయే ఏళ్ళలో వెళ్ళేవాళ్ళు ఇంకొక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ చోటి చరిత్రను వచ్చినవాళ్ళకు వివరించే కేంద్రం ఒకటి కట్టడానికి స్పెయిన్ ప్రభుత్వం 2025లో వాస్తు పోటీ పెట్టింది. పనులు మొదలైతే ఆవరణలో కొంత భాగం మూసే అవకాశం ఉంది. టికెట్ కొనే ముందు ‘ఓబ్రాస్’ అనే మాట వెబ్‌సైట్లో కనబడుతుందేమో చూడండి, మరమ్మతు పనులని దాని అర్థం.

ఒక రోజు లెక్క

బస్సులో వెళ్ళేవాళ్ళకు: 8:30కల్లా మోంక్లోవాలో బస్సెక్కితే 9:30కి సాన్ లోరెన్సో. 660కి టికెట్ కొని, 10కి ఎస్కోరియల్ మఠంలోకి వెళ్ళండి. రెండో ఫిలిప్ రాజు 1563లో మొదలుపెట్టి 1584లో పూర్తిచేసిన కట్టడం అది. దానికి మూడు గంటలు కావాలి. ఇది ముందు చూస్తే మరొక లాభం ఉంది: ఫ్రాంకో స్మారకం కట్టినవాళ్ళు ఏ రాజరికాన్ని తలపించాలనుకున్నారో మధ్యాహ్నం మీకే అర్థమవుతుంది.

1:30కి భోజనం. అంతకుముందు హోటళ్ళలో వంట మొదలవదు. ‘మెనూ దెల్ దియా’ అడిగితే మూడు వంటకాల భోజనం సరసమైన ధరకు వస్తుంది. శాకాహారులు ‘సిన్ కార్నె, సిన్ పెస్కాదో’ అని రెండూ చెప్పాలి, ఒక్క ‘సిన్ కార్నె’ అంటే సలాడ్‌లో ట్యూనా చేప వేసి తెస్తారు. గుడ్డు తినేవాళ్ళకు ఆలూ తోర్తియా ఎక్కడైనా దొరుకుతుంది.

3:05కి స్టేషన్లో ఉండండి. పైకి చేరాక ఉన్న రెండు గంటల్లో లోపలికి గంటా పావు పెట్టుకోండి, అందులో పావుగంట ఆ పక్క గుళ్ళ దగ్గర. మిగతాది బయట. డిసెంబరులో ఆరు గంటలకే చీకటి పడుతుంది కాబట్టి అప్పుడు ముందు ఆవరణ చూసి తర్వాత లోపలికి వెళ్ళండి. 5:20కి బస్సు దింపిన చోటే నిలబడండి. దాని తర్వాత కిందికి వెళ్ళే బస్సు లేదు.